తొమ్మిది అమాసలు, నాలుగు రోజులు

మా తెనాలి ఇంట్లో వంటగది గచ్చు తాండూరు బండ. 1983లో పరిపించాం. నలభై రెండేళ్లుగా దాన్ని తుడుస్తున్నాను. దాని మీదే పీట వేసుకుని కూరలు తరిగాను, ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా దాని మీదే పడుకున్నాను. ఆ బండ వచ్చిన ఊరు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఈ ఏప్రిల్‌లో చూశాను. చూడాలన్న కోరికతో వెళ్లలేదు, నేను చేసిన ఒక తప్పు దిద్దుకోవడానికి వెళ్లాను. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఒక్క పిల్లవాడి కాపీ పుస్తకమైనా పారేసుకోనిదాన్ని. అటువంటిది, రైల్లో ఎవరిదో పసిపాప కార్డు సంచిలో వేసుకుని దిగిపోయాను.

గురువారం, ఏప్రిల్ 24: వికారాబాద్ దారిలో

మా చెల్లెలు జానకి వికారాబాద్‌లో ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది. డిసెంబరులో న్యుమోనియా వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, బాగా కోలుకున్నాక న్యుమోనియా రాకుండా టీకా వేయించుకోమని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం నాలుగు నెలలుగా ఆమె పోపులపెట్టె కింద ఉంది. ఫోనులో అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "ఒకసారి వచ్చిపోయింది కదక్కా, ఇగ మళ్లీ రాదు." ఆటలమ్మ పోసినట్టు అనుకుంటోంది. నాది నేను ఫిబ్రవరి 12న వేయించుకున్నాను. శనివారం పది గంటలకు ఆమెను తీసుకువస్తానని అక్కడి డాక్టరుకు చెప్పి బయలుదేరాను.

లింగంపల్లిలో ఎక్కిన పాసింజరు బండి నిండిపోయి ఉంది. ఫ్యాన్లు మూడింటిలో ఒకటి తిరుగుతోంది. నా ఎదురు సీట్లో అరవై దాటిన ఒకామె, పక్కన ఇరవై రెండేళ్ల కోడలు, కోడలి ఒళ్లో ఆడపిల్ల. పెద్దామె పేరు మొగులమ్మ, కోడలు సునీత, పాప అక్షయ. లింగంపల్లిలో కట్టడం పని చేసే చిన్నకొడుకును చూసి తాండూరు తిరిగి వెళుతున్నారు. సునీత ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక అట్టతో పాపకు విసురుతోంది.

"ఎన్నో నెల?" అని అడిగాను.

"రేపు ఐతారం అమాసకు తొమ్మిది నిండుతయి" అంది మొగులమ్మ.

"పుట్టిన తేదీ ఎంత?"

"తారీఖు నాకేం ఎరుక. బోనాలైన రెండొద్దులకు పుట్టింది. చుక్కల అమాస ముంగట. గా అమాస లెక్కల రాదు. దాని ఎనుకది పట్టుకొని తొమ్మిది."

తేదీ తెలియకుండా నెలలు ఎలా లెక్కపెడతారని నేను అడిగితే ఆమె నవ్వింది. "మరి తారీఖులు లేనప్పుడు పిల్లలు పుట్టలేదా టీచరమ్మా?" నేను టీచరునని చెప్పలేదు. అడిగిన తీరు బట్టి పోల్చుకుందట.

తొమ్మిది అమాసలు నిండగానే ఒక సూది ఉందని, ఊళ్లో సూదులు వేసేది బుధవారం, శనివారం గనుక ఈ శనివారం నాటికి చేరాలని ఆమే చెప్పింది. ఆదివారం అమాస. ఆ రోజు బండల గనుల్లో పని ఉండదు. సోమవారం తెల్లవారి మేస్త్రి లారీలో అందరూ కర్ణాటక వైపు గనికి వెళతారు. సునీత భర్త అక్కడే ఉన్నాడు. వానలు పడి గనుల్లో నీళ్లు నిండేదాకా తిరిగి రారు.

"శనివారం తప్పిందంటే ఇగ గంతే" అంది.

సునీత సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, ఎండుమిర్చి కారం, కందిపప్పు పొడి. నాకూ ఒక రొట్టె తుంచి పెట్టారు. మా వైపు ఎవరికైనా ఏదైనా పెడితే రెండుసార్లు వద్దనడం మర్యాద. ఇక్కడ మొదటిసారి వద్దన్నందుకే మొగులమ్మ ముఖం ముడుచుకుంది. కాబట్టి తిన్నాను. మా ఇంట్లో చేసే కందిపొడికి ఇలాంటి కమ్మదనం రాదు. వేయించే పద్ధతి అనుకున్నాను, కాదు, గింజే వేరట.

వాళ్లు చేతులు కడుక్కునేదాకా పాప నా ఒళ్లో ఉంది. ఆ అట్ట తీసుకుని నేను విసిరాను. పాప నిద్రపోయింది. ఇంతలో వికారాబాద్ వచ్చేసింది. జానకి ప్లాట్‌ఫారం మీద నుంచి కిటికీ కిటికీకీ తిరుగుతూ "అక్కా, జర జల్ది దిగు" అని కేకలు పెడుతోంది. పాపను సునీతకిచ్చి, నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె, చేతిలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని దిగాను. బండి రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

సాయంత్రం ఆరింటికి రోజు వివరాలు రాసుకోవడానికి కళ్లజోడు తీస్తే, దానితోపాటు అట్ట బయటికి వచ్చింది. అది విసనకర్ర కాదు. తల్లీబిడ్డల కార్డు.

జానకి ఇంట్లో

పాప పుట్టింది జులై 30, మంగళవారం. మర్పల్లిలో, సునీత పుట్టింట్లో. ఇక్కడా మన వైపులాగే తొలి కాన్పు పుట్టింటివాళ్లది. న్యుమోనియా టీకాకు మూడు గడులు ఉన్నాయి: ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు. మొదటి గడిలో సెప్టెంబరు 11, రెండో గడిలో నవంబరు 6. రెండూ బుధవారాలు, పుట్టిన నలభై మూడో రోజు, తొంభై తొమ్మిదో రోజు. మంగళవారం పుట్టిన బిడ్డకు బుధవారం టీకాలు వేసే చోట ఇంతకంటే సరిగ్గా వేయించడం ఎవరి తరమూ కాదు. మూడో గడి ఖాళీ.

కాగితం తీసుకుని లెక్క వేశాను. జులై 30 నుంచి తొమ్మిది నెలలు నిండేది ఏప్రిల్ 30న, బుధవారం. శనివారం 26వ తేదీ. నాలుగు రోజులు తక్కువ. మొగులమ్మ లెక్క తప్పు కాదు. అమాసకూ అమాసకూ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులే కాబట్టి, తొమ్మిది చుట్లు తిరిగేసరికి కేలండరుకు ఎనిమిది రోజులు తక్కువ పడుతుంది. ఆ బిడ్డ అమాసకు అయిదు రోజుల ముందు పుట్టింది గనుక తేడా కొంత తగ్గింది, అంతే. శనివారం వెళితే నర్సు వెనక్కి పంపుతుంది. సోమవారం లారీ పోతుంది. పైగా కార్డు నా దగ్గర ఉంది.

కార్డు మీదున్న నంబరుకు ఫోను చేశాను. మర్పల్లిలో సునీత అన్న ఎత్తాడు.

"అయ్యో అమ్మా, మా చెల్లె కాడ ఫోన్ లేదు, బావ గనికి పట్కపోయిండు" అన్నాడు. "గా కార్డు లేకుంటే సిస్టర్ తిడతది. జర మీరే ఎట్లన్న చేరిపియ్యండి." అంగన్‌వాడీ ఎక్కడుందో గుర్తులు చెప్పాడు.

"శనివారం మనం తాండూరు వెళుతున్నాం" అన్నాను జానకితో.

"మరి నా సూది?"

"సోమవారానికి మార్పిస్తాను."

"చూసినవా, దేవుడే అడ్డం పడ్డడు" అంది. నలభై ఆరేళ్ల కిందట ఈ ఊరికి కాపురానికి వచ్చింది. నాతో మాట్లాడేటప్పుడు తెనాలి మాటతో మొదలుపెట్టి వికారాబాద్ మాటతో ముగిస్తుంది.

శుక్రవారం, ఏప్రిల్ 25: అనంతగిరి

మధ్యలో ఒక రోజు ఉంది కాబట్టి అనంతగిరి గుట్టకు వెళ్లాం. ఏప్రిల్ చివర కూడా చెట్ల కింద గాలి చల్లగా తగిలింది. ఊపిరితిత్తుల రోగులను పూర్వం ఈ గాలి కోసమే ఇక్కడికి పంపేవారని, గుట్ట మీద వాళ్ల కోసమే ఆసుపత్రి కట్టారని జానకి చెప్పింది. ఆసుపత్రి పక్కనుంచే దారి. గుడికి దిగే మెట్ల దగ్గర ఒకాయన మామిడికాయ ముక్కలు ఉప్పూకారం చల్లి అమ్ముతున్నాడు, ఇరవై రూపాయలు. మా దగ్గర కారం మీద నూనె చుక్క వేస్తారు. ఇక్కడ వేయరు, అయినా బాగుంది.

దిగడం బాగానే దిగింది. ఎక్కేటప్పుడు జానకి ఆరుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఏదో చూపించింది. ఒకసారి కోతి, ఒకసారి మోదుగ చెట్టు, ఒకసారి ఏమీ లేని కొమ్మ.

"ఊపిరి అందడం లేదని చెప్పవచ్చు కదా" అన్నాను.

"చెప్తే నువ్వు రాసుకుంటవ్" అంది.

రాసుకున్నాను. ఆరు.

శనివారం, ఏప్రిల్ 26: తాండూరు

వికారాబాద్ దాటాక రైలు కిటికీలోంచి కనిపించిన వాటిలో నాకు నచ్చింది చేల గట్లు. మా వైపు చేనుకు కంచె అంటే ముళ్లకంపో తీగో. ఇక్కడ నిలువెత్తు బండలు వరసగా పాతారు. ఇళ్లకు గోడలు బండలే, కొన్నిటికి కప్పూ బండలే. పశువుల తొట్టి బండ, బట్టలుతికేది బండ, టీకొట్టు ముందు కూర్చునేది బండ. మా వంటింట్లో పాలిష్ పెట్టి గొప్పగా చూసుకునే రాయిని ఇక్కడ గొడ్లు కూడా లెక్కచేయవు. ఊళ్లోకి రాగానే రాయి కోసే యంత్రాల చప్పుడు. రోడ్డు పక్క ఆకుల మీద తెల్లటి పొడి. ఆటో అతను అరవై రూపాయలు అడిగాడు, జానకి కన్నడంలో ఏదో అనగానే నలభైకి వచ్చాడు. ఏమన్నావని అడిగితే, "నువ్వు మా చెల్లెలి కొడుకులాగున్నవ్ అన్న" అంది.

అంగన్‌వాడీ ఒక గది, ముందు బండలు పరిచిన అరుగు. అరుగు మీద పదిహేడు మంది తల్లులు. సిస్టరు నలభై ఏళ్ల మనిషి. తన పేరు రాయవద్దంది కాబట్టి రాయడం లేదు. ఆమె పని చేస్తుంటే పావుగంట ఊరికే చూశాను. ఐసు ముక్కల మధ్య నుంచి సీసా తీస్తుంది. దాని మీద గుండ్రంలో ఒక చిన్న చదరం ఉంటుంది. వేడి తగిలితే ఆ చదరం రంగు ముదిరిపోతుందట, అప్పుడు ఆ మందు పారేయాలి. ప్రతిసారీ సీసా ఎత్తి ఆ చదరం చూసింది. ఒక్కసారి కూడా మానలేదు. సూది వేశాక ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పింది: వేసింది దేనికి, మళ్లీ ఎప్పుడు రావాలి, జ్వరం వస్తే ఏం చేయాలి, నాలుగోది, "కార్డు పైలం", అంటే జాగ్రత్త. నాలుగో మాట విన్నప్పుడల్లా నేను సంచి సర్దుకున్నాను.

మొగులమ్మ, సునీత అరుగు చివర ఉన్నారు. నన్ను చూడగానే మొగులమ్మ లేచి నిలబడింది.

"అగో, కార్డు దొంగ వచ్చింది" అంది గట్టిగా. పదిహేడు మంది తల్లులూ నా వైపు చూశారు. "రెండొద్దుల నుంచి ఇల్లంత ఎతికినం తల్లీ. గీ పోరి రైల్ల పారేసిందని దీన్ని తిట్టిన. నువ్వు పట్కపోయినవా?"

సునీతకు క్షమాపణ చెప్పి కార్డు ఇచ్చాను. ఆమె కార్డు తీసుకుని మొదట మూల వంగినచోట వేలితో సాపు చేసింది. విసిరేటప్పుడు నేను పట్టుకున్న మూల అది.

వాళ్ల వంతు వచ్చింది. సిస్టరు కార్డు విప్పి వేళ్ల మీద లెక్క వేసింది. ఆమెకు కాగితం అవసరం లేకపోయింది.

"ఇంక నాలుగు దినాలున్నయి అవ్వా. బుధవారం రండి."

"నాలుగు దినాలకు ఏమైతది సిస్టర్? ఏయి."

"తొమ్మిది నిండినంకనే. తట్టు సూది, నిమ్ము సూది రెండూ ఒక్కపారే ఏస్త. తల్లి కాడికెంచి వచ్చిన బలం పిల్ల ఒంట్ల ఉన్నప్పుడు ముందుగాల ఏస్తే తట్టు సూది మంచిగ పనిచెయ్యదు." నిమ్మంటే న్యుమోనియా.

"బుధవారం మేము ఈడ ఉండం."

"లారీ సోమవారమేనా?"

"ఔ."

మొగులమ్మ అరుగు మీద కూలబడింది. నేను నా కాగితం తీసి లెక్క చూపించబోయాను. ఆమె దాని వైపు చూడలేదు.

"నీ లెక్క నువ్వే పెట్టుకో టీచరమ్మా. నేను కన్నది ఐదుగురిని, పెంచింది నలుగురిని. నడిమిటోడు గనికాడ పోయిండు. డొక్కలెగరేసిండు రెండొద్దులు. సలికని కంబలి కప్పిన. మాకు నిమ్మని ఎరుకనా? గప్పుడు గీ సూది ఉన్నదా? గిది పుట్టిన కాన్నుంచి నేను అమాసలు గిందుకే లెక్కపెడుతున్న. ఒక్కటి మరువలే."

రైల్లో నేను ఆమెను తేదీలు తెలియని మనిషి అనుకున్నాను. పొరపాటు. ఈ ముసలామె ఆలస్యం చేసే మనిషి కాదు, తొందరపడి ముందే వచ్చిన మనిషి. తొమ్మిది నెలలుగా ఆకాశం చూసి రోజులు లెక్కపెట్టి, నాలుగు రోజుల తేడాతో వచ్చింది. నా విద్యార్థుల్లో ఇంత దగ్గరగా జవాబు తెచ్చినవాళ్లకు నేను సగం మార్కులు వేసేదాన్ని. ఇప్పుడు అది గుర్తొచ్చి సిగ్గేసింది.

సిస్టరు నోటుపుస్తకం

సిస్టరు ఆమె పక్కనే కూర్చుని తన నోటుపుస్తకం తెరిచింది. ప్రతి బిడ్డ పేరు ఎదుట పుట్టిన తేదీ, టీకా తేదీ, వాటి పక్కన ఇంకో వరస. ఆ వరసలో ఉన్నవి అమాసల సంఖ్యలు.

"బండల పనోళ్లకు తారీఖు చెప్తే మరుస్తరమ్మా" అంది నాతో. "అమాస మరువరు. గా దినం పని బంద్, కూలి పైసలు గూడ అమాస చూసుకొనే. అందుకే పుట్టినంక వచ్చే మొదటి అమాస కలుపుకొని పది లెక్కపెట్టుమంట. పదోది దాటిన బుధవారం రమ్మంట. ఈ పిల్ల మర్పల్లి పిల్ల, నా బుక్కుల లేదు. ఉంటే అవ్వకు ముందే చెప్తుంటి."

అలవాటు చొప్పున ఆ పద్ధతిని పరీక్షించాను. అమాస ముందురోజు పుట్టిన బిడ్డకైతే మూడు నాలుగు రోజులు తక్కువ పడవచ్చు కదా అన్నాను.

"పడతది" అంది వెంటనే. "అందుకే కార్డు చూస్త. అమాస రప్పియ్యనీకి, తారీఖు ఏయనీకి."

ఈ వాక్యం అక్కడికక్కడే రాసుకున్నాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ నాకు ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

తర్వాత సునీతను అడిగింది, బుధవారం దాకా ఒక్కతే ఉండగలవా అని. సునీత ఉంటానంది. మొగులమ్మ ఒప్పుకోలేదు. లారీ ఒక్కసారే పోతుంది, తర్వాత పసిపిల్లతో రెండు బస్సులు మారి, గని దాకా నడిచి, ఆ ఎండలో ఎలా వస్తుందని. నేను ఉండమనే అన్నాను. నన్ను ఎవరూ అడగలేదని జానకి నా చెయ్యి గిల్లింది.

సిస్టరు వాదించలేదు. ఫోను తీసి ఎవరికో చేసింది. కన్నడంలో మాట్లాడింది. "హౌదక్కా, హౌదు" అని అవునన్నంతవరకే నాకు అర్థమైంది. అవతల ఉన్నది ఆ గని దగ్గరి ఊరి నర్సట. పోలియో చుక్కలప్పుడు సరిహద్దు దగ్గర ఒకే చెట్టు కింద కూర్చుని ఇద్దరికీ స్నేహమైందట.

"ఆడ గూడ గిదే సూది, గిట్లనే పైసల్లేకుండ ఉత్తగ ఏస్తరు" అంది మొగులమ్మతో. "కాకపోతే అటు దిక్కు గురువారం. పిల్ల పేరు చెప్పిన. కార్డు చూపిస్తే ఇంకేం అడగరు. రెండు పడ్డయని దీన్లనే ఉన్నది కదా."

కార్డు వెనక ఖాళీలో కన్నడంలో రెండు వరసలు రాసింది. నేను తొంగి చూశాను. మన లిపికి అక్కచెల్లెలి లిపి కదా, కూడబలుక్కుని "30" తర్వాత అని చదవగలిగాను. కార్డు నా సంచిలోనే ఉండిపోయి ఉంటే ఆ రెండు వరసలు రాయడానికి చోటే లేదు. ఆ సంగతి ఎవరూ నాతో అనలేదు. అనకపోవడం వాళ్ల మంచితనం.

జానకి అప్పుడే దగ్గింది. సిస్టరు తల తిప్పి చూసింది. "ఎన్ని దినాల నుంచి?" సంగతంతా నేను చెప్పాను. జానకి తన సిద్ధాంతం తాను చెప్పింది, ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ రాదని.

"నిమ్ము చుట్టం లెక్క కాదమ్మా, ఒక్కసారి చూసిపోనీకి" అంది సిస్టరు. "దానికి కారణాలు మస్తుంటయి. ఈ సూది అన్నిటికీ అడ్డం పడదు. ముఖ్యమైన సూక్ష్మజీవికి పడతది. షుగరున్నోళ్లకు, పసిపిల్లలకు గదే ఎక్కువ ప్రాణం మీదికి తెచ్చేది. మీరు పెద్దోళ్లు, మీకు మా కాడ ఉండదు, బయట కొనుక్కోవాలె. ఏయించుకోరి."

"పాపకు తొమ్మిది నెలల్లో రెండు అయ్యాయి. నీకు అరవై ఎనిమిదేళ్లలో ఒకటి కూడా కాలేదు" అన్నాను.

"నా వయసు గింతమందిల చెప్పాల్నా అక్కా?"

మొగులమ్మ ఇంటి రొట్టె

కార్డు తెచ్చిన మనిషిని తిండి పెట్టకుండా పంపితే పాపం తగులుతుందని మొగులమ్మ ఇంటికి తీసుకుపోయింది. అప్పటికి ఆమె కోపం చల్లారింది. ఒక గది, బండల గోడ, బండల నేల. ట్రంకు పెట్టె సగం సర్ది ఉంది. లోపల గచ్చు చల్లగా ఉంది, సరిగ్గా మా వంటింటి చల్లదనమే. ఆమె చేత్తో తట్టిన రొట్టె మా గచ్చు బండ కంటే సాపుగా, పల్చగా వచ్చింది. పొయ్యి మీద అది పొంగుతుంటే చూడటం నాకు అప్పడం వేగడం చూసినంత ఇష్టంగా ఉంది. పచ్చిపులుసు, ఉల్లిపాయ, ముద్దపప్పు. మా వైపు పప్పులో నెయ్యి వేస్తాం, ఇక్కడ పప్పే నెయ్యిలా ఉంది.

"కార్డు ఎక్కడ పెడతావు?" అని అడిగాను.

ఆమె పెట్టె అడుగు నుంచి ఒక బట్ట మూట తీసింది. అందులో వెండి కడియాలు, రేషన్ కార్డు, పసివాడి మొలతాడు ఒకటి. ఎవరిదని అడగలేదు. కార్డు దానితోపాటు పెట్టి ముడి వేసింది.

"గురువారం వేయించాక ఒక ఫోటో పంపిస్తారా?" అని సునీతకు నా నంబరు రాసిచ్చాను.

"నమ్మకం లేదా టీచరమ్మకు?" అంది మొగులమ్మ.

"నా కోసం" అన్నాను.

వచ్చేటప్పుడు కిలో కందిపప్పు మూటకట్టి ఇచ్చింది. ఈసారి ఒక్కసారి కూడా వద్దనలేదు.

సోమవారం, ఏప్రిల్ 28: మళ్లీ వికారాబాద్

పది గంటలకు డాక్టరు దగ్గర ఉన్నాం. టీకా ఖరీదు నాలుగు వేలకు కొంచెం తక్కువ. పసివాళ్లకు ఉచితంగా వేసేది ఇంత విలువైనదని ఆ అరుగు మీద తల్లులకు ఎవరూ చెప్పి ఉండరు. సిస్టరుకు మాత్రం తెలుసు, అందుకే ప్రతి సీసా మీదా చదరం అంత శ్రద్ధగా చూసింది. జానకి కళ్లు మూసుకుని, అయిపోయాక "అంతేనా?" అంది. రెండోది ఏడాది తర్వాత వేయించుకోమన్నారు. తేదీ ఆమె గోడ కేలండరు మీద రాశాను. ఆ కేలండరు ఈ ఏడాదితో అయిపోతుందని ఆమె గుర్తుచేసింది. నా పుస్తకంలోనూ రాశాను.

బయటికి వచ్చాక జానకి అడిగింది, "ఈపాటికి లారీ చేరి ఉంటదా అక్కా?"

తెనాలి

ఏప్రిల్ 30 బుధవారం. పాపకు తొమ్మిది నెలలు నిండాయి. అక్షయ తదియ కూడా. పంచాంగం చూస్తే గాని నాకు తట్టలేదు.

మే 1 గురువారం. ఫోటో రాలేదు. సాయంత్రం గుర్తొచ్చింది, ఆ రోజు కార్మికుల పండుగ, సెలవు. సిస్టరుకు, నాకు, మొగులమ్మకు, ముగ్గురికీ ఆ సంగతి తట్టలేదు. ముగ్గురం లెక్కల మనుషులమే.

తర్వాతి వారమంతా నేను అనుమానించాను. గని నుంచి ఊరు ఎంత దూరమో, ఆ రోజు లారీ దొరుకుతుందో లేదో, పాపకు జ్వరమో. ఒకసారి వెళ్లి తలుపు వేసి ఉండటం చూసినవాళ్లు రెండోసారి వెళతారా? మర్పల్లి అన్నకు ఫోను చేయబోయి మానుకున్నాను. "నమ్మకం లేదా?" అన్న మాట చెవిలో ఉంది.

మే 8 గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకు ఫోను మోగింది. ఫోటో. మూడో గడిలో కన్నడ చేతిరాత, ఆ పక్కన సంతకం. తేదీ మాత్రం అందరి అంకెల్లోనే: 8-5. కార్డును పట్టుకున్న బొటనవేలు సునీతది. వంగిన మూల ఇంకా పూర్తిగా సాపు కాలేదు. వెనక కోసిన బండలు వరసగా పేర్చి ఉన్నాయి.

దాని వెంట మాట కూడా పంపారు. విన్నాను.

"టీచరమ్మా, నేను మొగులమ్మను. పోయిన గురువారం పోతే తాళం ఉండె. మళ్ల పోయినం. మీరంత నాలుగు దినాలు తక్కువంటిరి కదా. ఎనిమిది ఎక్కువనే ఇచ్చినం. ఏడ్చింది, ఇప్పుడు పాలు తాగుతున్నది. ఇగ నువ్వు ఫికర్ చెయ్యక పండుకో."

లెక్క సరిచూశాను. ఎనిమిదే. పుస్తకంలో రాసి, ఆ మధ్యాహ్నం వంటింటి గచ్చు మీద చాప లేకుండా పడుకున్నాను.